ఏడో ట్యాగు

నునావుట్ ఉత్తర తీరంలో, మా వేటగాళ్ల సంఘం ఆఫీసులో
నా కుర్చీ వెనక ఒక ఇనుప బీరువా.
దాంట్లో ఈ ఏడాది ఏడు ఎలుగుబంట్లున్నాయి.
నవ్వకండి. తాళంచెవి నా మెడలోనే ఉంది.
ఒక్కో ట్యాగుకీ ఒక్కో నెంబరు.
నెంబరు లేని ఎలుగు చస్తే నేరం.
నెంబరున్న ఎలుగు
ఇంకా మంచు మీద తిరుగుతూనే
సగం చచ్చినట్టు లెక్క.

పోయినేడు పదకొండు.
దక్షిణం నుంచి వచ్చినవాళ్లు
హెలికాప్టర్లో మూడు వారాలు తిరిగి
పైనుంచి లెక్కపెట్టి, తగ్గాయన్నారు.
ముసలి కౌనాక్ లేచి
"నా గుమ్మం ముందు అడుగులు లెక్కపెట్టండి, పెరిగాయి" అన్నాడు.
ఇద్దరూ అబద్ధమాడలేదని నా అనుమానం.
సముద్రం మీద మంచు తగ్గేకొద్దీ
ఎలుగులు ఊళ్లకి దగ్గరవుతాయి.
గుమ్మంలోకొచ్చినవాళ్లు ఎప్పుడూ ఎక్కువమందిగానే కనిపిస్తారు,
అప్పులవాళ్లలాగా.

మా అమ్మ చెప్పేది:
చట్టం రాకముందు ఓడల్లో వచ్చినవాళ్లు
డెక్ మీద నిలబడి, కప్పులో కాఫీ చల్లారేలోపు
తల్లినీ పిల్లల్నీ కాల్చి
తోళ్లు మాత్రం పట్టుకుపోయేవారట.
అందుకే నేను చట్టాన్ని తిట్టను.
తిట్టాలనిపించిన రోజు
బీరువా తెరిచి ట్యాగులు లెక్కపెట్టుకుంటాను.

నవంబరులో చీటీలు తీశాం.
హాలు నిండా జనం,
కాఫీ డబ్బాలో నూట నలభై పేర్లు.
ఏడో చీటీ తక్తుది. పదిహేడేళ్లు.
వాడు అరవలేదు.
టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.
ఆ రాత్రే తాత స్లెడ్జి బయటికి లాగి
కింది కమ్మీలు నున్నగా రుద్దుతున్న చప్పుడు
మా వంటింట్లోకి వినపడింది.

పన్నెండో రోజు, తెల్లారని తెల్లవారుజామున
ఉలురియాక్ అవ్వ గుమ్మంలో
సీల్ మాంసం దాచిన తొట్టె దగ్గర ఎలుగు నిలబడింది.
లోపల ముగ్గురు మనవలు.
గాల్లోకి ఒకటి కాల్చింది. అది కదల్లేదు.
రెండోది గాల్లోకి కాదు.

ప్రాణం కాపాడుకోడానికి చంపితే నేరం కాదు,
చట్టం మరీ అంత గుడ్డిది కాదు.
కానీ లెక్క లెక్కే.
కోటాలోంచి ఒకటి కొట్టెయ్యాలి.
ఆఖరున ఇచ్చిన ట్యాగే ముందు వెనక్కి తీసుకోవాలని
మా సంఘం తీర్మానం.
ఆ తీర్మానం నా చేతిరాతలోనే ఉంది.

తక్తు ఇంటికెళ్లాను.
టీ పోసిచ్చాడు.
నేనెందుకొచ్చానో ఊరంతటికీ తెలుసు.
ట్యాగుని తుపాకీ పట్టీకి కట్టుకున్నాడు,
ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది.
చలికి వేళ్లు కొంకర్లు పోయాయన్నాడు.
పొయ్యి పక్కనే కూర్చుని ఉన్నాం.

మాంసం ఊరంతా పంచుకున్నాం.
వాడి వాటాకి తొడ ముక్క, మంచిదే వచ్చింది.
తోలు నువ్వే తీసుకోమంది అవ్వ.
వద్దన్నాడు.

నా ఫారంలో చాలా గళ్లున్నాయి:
ఆడా మగా, కొవ్వు మందం, చంపిన చోటు, కారణం.
దవడలోంచి ఒక పన్ను తీసి
కవర్లో పెట్టి దక్షిణానికి పంపాలి.
ఎవరి వంతు పోయిందో రాయడానికి గడి లేదు.
అంచున ఖాళీలో పెన్సిలుతో రాశాను.
చెరిపేశాను.
పేరు అచ్చు కాగితం మీద కొంచెం మిగిలింది.

మంచు కరిగే నాళ్లకి జవాబొచ్చింది.
ఆడది. వయసు పంతొమ్మిది.
తక్తుకి చూపించాను.
"నాకంటే రెండేళ్లు పెద్దది" అన్నాడు, అంతే.
కాగితం మడిచి ఇచ్చేసి
తలుపు దగ్గర ఆగి అడిగాడు:
"చీటీ వచ్చినవాళ్లు మళ్లీ రెండేళ్లు ఆగాలి కదా.
మరి నాకు వచ్చినట్టా, రానట్టా?"

చట్టం తిరగేశాను.
మా తీర్మానాలూ తిరగేశాను.
తర్వాతి మీటింగులో అడుగుతానన్నాను.

వాడి పేరు రాసిన చీటీ డబ్బాలో వెయ్యలేదు.
పారేయనూ లేదు.
ట్యాగులుండే అరలో పెట్టి
తాళం వేశాను.